తోక తెగాకే లంగరు

అందరికీ నమస్కారం. మీ ఇంట్లో ఎవరికైనా చేయించిన కాలేయ పరీక్ష రిపోర్టును ఒకసారి గుర్తు చేసుకోండి. బిలిరుబిన్ తరవాత కొన్ని వరుసల కింద ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అని ఒక పేరుంటుంది. అంకె కాస్త ఎక్కువైతే ముద్దక్షరాల్లో వేస్తారు. మనం కంగారుగా డాక్టరు దగ్గరికి వెళ్తాం, ఆయన కాలేయమా ఎముకా అని ఆరా తీస్తారు. అసలు ఆ ఎంజైము రక్తంలోకి ఎందుకు వచ్చిందని మాత్రం ఎవరమూ అడగం. అడగవలసిన ప్రశ్నే అది. దాని సొంత చోటు రక్తం కాదు. కాలేయంలో, ఎముకలో, మూత్రపిండంలో కణాల పైపొరకు బయటి వైపున కొవ్వుతో చేసిన ఒక లంగరు పట్టుకుని అది నిలబడి ఉంటుంది. ఆ లంగరును కణం ఎలా తయారు చేసుకుంటుంది, తయారీ మధ్యలో ఆగిపోతే మనిషికి ఏమవుతుంది అన్నదే ఈరోజు నేను చెప్పదలచుకున్నది. ఆ పని ఏ మెట్టు దగ్గర ఆగిందన్న దాన్ని బట్టి జబ్బు మారిపోతుంది. నన్ను ఏళ్ల తరబడి ఈ విషయం వదలకుండా పట్టుకున్నది అందుకే.

కణపొర రెండు వరుసల కొవ్వు అణువులతో ఏర్పడిందని మీరు ఇంటర్‌లోనే చదివారు. ఆ పొరతో ప్రొటీన్లు సంబంధం పెట్టుకునే తీరు ఒక్కటి కాదు. కొన్ని పొరకు అడ్డంగా ఈ చివరి నుంచి ఆ చివరికి దూసుకుపోతాయి. కొన్ని లోపలి వైపున ఉండి ఒక కొవ్వు ఆమ్లంతో పొరను అంటిపెట్టుకుంటాయి. క్యాన్సర్ పాఠాల్లో తరచు వినిపించే రాస్ ప్రొటీనుకు పదిహేను కార్బన్ల ఫార్నెసిల్ గొలుసు ఉంటుంది. మరికొన్నిటికి పద్నాలుగు కార్బన్ల మిరిస్టేటో పదహారు కార్బన్ల పామిటేటో ఉంటుంది. ఇవన్నీ లోపలి వైపు వ్యవహారాలు, కొద్ది ఎంజైములతో తేలిపోయేవి. బయటి వైపు నిలవాల్సిన ప్రొటీన్లలో కొన్నిటికి కణం ఇంతకంటే చాలా ఎక్కువ శ్రమ పడుతుంది. ఆ లంగరు పూర్తి పేరు గ్లైకోసిల్ ఫాస్ఫాటిడైల్ ఇనాసిటాల్. ఇకపై జీపీఐ అందాం. మన శరీరంలో నూట యాభైకి పైగా ప్రొటీన్లు దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇది ఎలా బయటపడిందో కొద్దిగా చెబుతాను. జపాన్‌లో ఇకెజావా బృందం 1976లో ఒక బ్యాక్టీరియా ఎంజైముతో ప్రయోగాలు చేస్తోంది. ఫాస్ఫాటిడైల్ ఇనాసిటాల్ అనే కొవ్వును మాత్రమే కోసే ఎంజైము అది, ప్రొటీను జోలికి పోదు. దాన్ని కణాల మీద వేస్తే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చెక్కుచెదరకుండా ఊడి ద్రవంలోకి వచ్చేసింది. కొవ్వును కోస్తే ప్రొటీను ఊడిందంటే ఆ ప్రొటీను ఆ కొవ్వునే పట్టుకుని ఉందన్నమాట. దాదాపు అదే కాలంలో మార్టిన్ లో అనే శాస్త్రవేత్త కూడా ఇలాంటి ఫలితాలే చూపించారు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చేసే పని ఇతర అణువుల నుంచి ఫాస్ఫేటును విడదీయడం. దాన్ని కొలిచే పాత పద్ధతుల్లో అలా విడివడిన ఫాస్ఫేటును లెక్కగట్టేవారు. ఫాస్ఫేటును నీలిరంగుగా మార్చి, ఆ రంగు గాఢతను బట్టి పరిమాణం చెప్పే పద్ధతిని 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రచురించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. కొవ్వులోని భాస్వరాన్ని కొలవడానికి తరవాత వచ్చిన పద్ధతులకూ అదే పునాది. పొరల మీద పనిచేసినవాళ్లు ఆ నీలిరంగును చూడకుండా ఉండడం చాలాకాలం పాటు కుదరలేదు.

లంగరు పూర్తి నిర్మాణం మాత్రం మనిషి కణం నుంచి రాలేదు. ఆఫ్రికాలో ట్సెట్సీ ఈగ కుట్టడం వల్ల వచ్చే నిద్రజబ్బుకు కారణమైన ట్రిపనోసోమా అనే పరాన్నజీవి నుంచి వచ్చింది. దాని ఒంటి మీద ఒకే రకం ప్రొటీను దాదాపు కోటి ప్రతులు ఒత్తుగా పరుచుకుని ఉంటుంది. మన రోగనిరోధక శక్తి ఆ ప్రొటీనును గుర్తుపట్టి దాడికి దిగేలోపు పరాన్నజీవి మరో ప్రొటీను తొడుక్కుంటుంది. ఆ కోటి ప్రతులూ జీపీఐ లంగరు మీదే నిలబడతాయి. అంత సరుకు ఒకే చోట దొరికింది గనుకే రసాయన శాస్త్రజ్ఞులకు పని సాధ్యమైంది. అప్పటికి ఒక వింత కూడా ఎదురై ఉంది. జన్యువు చదివితే ఆ ప్రొటీను చివర ఇరవై ప్రాంతంలో అమైనో ఆమ్లాలు ఎక్కువ ఉండాలి. శుద్ధి చేసిన ప్రొటీనులో అవి కనిపించలేదు. వాటి స్థానంలో ఇథనాలమైన్ అనే చిన్న అణువు దొరికింది. తోక ఎక్కడో తెగిపోయి, ఆ తెగిన చోట ఇంకేదో అతుక్కుంది. మైకేల్ ఫెర్గూసన్, ఆయన సహచరులు 1988లో ఆ ‘ఇంకేదో’ మొత్తాన్ని విప్పి చూపించారు. అదే ఏడాది ఎలుక మెదడులోని థై-1 అనే ప్రొటీను లంగరు నిర్మాణమూ తేలింది. పరాన్నజీవికీ ఎలుకకూ కొమ్మలు వేరైనా వెన్నెముక ఒక్కటే.

ఆ వెన్నెముకను కింది నుంచి పైకి చూద్దాం. కొవ్వు గొలుసులు పొర బయటి వరుసలో మాత్రమే దిగి ఉంటాయి, లోపలి వరుసలోకి దిగవు. వాటి మీద ఇనాసిటాల్. దానికి గ్లూకోసమైన్ అనే చక్కెర. దాని మీద వరుసగా మూడు మానోజ్ చక్కెరలు. మూడో మానోజ్ మీద ఇథనాలమైన్ ఫాస్ఫేట్. దాని చేతికి ప్రొటీను చివరి అమైనో ఆమ్లం. ప్రతి ప్రొటీనుకూ ఇదే అమరిక.

ఇక నిర్మాణం. ఇంత సంక్లిష్టమైన దాన్ని ప్రొటీను మీద ఒక్కో ముక్కా అతికిస్తూ కడతారని ఎవరైనా అనుకుంటారు. కణం అలా చేయదు. ఇల్లు కట్టేటప్పుడు గోడ ఆ ఎత్తుకు లేవకముందే ద్వారబంధం వడ్రంగి దగ్గర సిద్ధమై ఉంటుంది, మేస్త్రీని నిలబెట్టి చెక్క చెక్కుతూ కూర్చోరు. లంగరు కూడా అంతే. ప్రొటీనుతో నిమిత్తం లేకుండా మొత్తం ముందే తయారై, అందుకోబోయే ప్రొటీను కోసం కాచుకుని ఉంటుంది.

పని జరిగే చోటు ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్, అంటే కణం లోపల మడతలు మడతలుగా ఉండే ఆ పొరల గూడు. మొదటి మెట్టు దాని బయటి ముఖం మీద, కణద్రవ్యం వైపు జరుగుతుంది. అక్కడున్న ఫాస్ఫాటిడైల్ ఇనాసిటాల్ కొవ్వుకు ఒక చక్కెరను అతికించాలి. ఒక్క చక్కెర అతికించడానికి ఏడు ప్రొటీన్ల గుంపు కావాలి! ఆ గుంపులో అసలు పని చేసేది పిగ్-ఏ. ఈ పేరు గుర్తుంచుకోండి, ఇంకాసేపటికి మళ్లీ వస్తుంది. రెండో మెట్టులో ఆ చక్కెర మీదున్న అసిటైల్ ముక్కను ఇంకో ఎంజైము తీసేస్తుంది.

ఇప్పుడొక చిక్కు. మిగతా పని గూడు లోపలి ముఖం మీద జరగాలి. ఈ సగం లంగరు బయటి ముఖం మీద ఉంది. కొవ్వు గొలుసులకు పొర మధ్యలోంచి జారడం కష్టం కాదు. నీటిని ప్రేమించే చక్కెర తలకాయకు ఆ నూనె మధ్యలోంచి దాటడం మహా కష్టం. దానంతట అది దాటాలంటే కణం అవసరాలకు సరిపోయే వేగం రాదు. తిప్పి అవతలకు చేర్చే ప్రొటీను ఒకటి ఉండాలని చాలాకాలంగా అనుకున్నారు కానీ అది చేతికి చిక్కలేదు. ఇతర మెట్ల జన్యువులన్నీ ఒకటొకటిగా దొరికిపోయిన ఎన్నో ఏళ్లకు, 2022లో, జపాన్‌లో తరో కినోషిటా, అమెరికాలో అనంత్ మీనన్ బృందాలు సీఎల్‌పీటీఎమ్1ఎల్ అనే ప్రొటీను ఈ పనికి తోడ్పడుతుందని చూపించాయి.

లోపలికి చేరాక వేగం పుంజుకుంటుంది. ముందుగా ఇనాసిటాల్‌కు ఒక పామిటేటు గొలుసు తగులుతుంది. అంటే లంగరుకు మూడో కాలు. ఈ కాలు తాత్కాలికం, ప్రొటీను అతుక్కున్నాక చాలా కణాల్లో దాన్ని తీసేస్తారు. మన ఎర్ర రక్తకణాల్లో మాత్రం అది అలాగే ఉండిపోతుంది. అందుకే ఇందాక చెప్పిన బ్యాక్టీరియా ఎంజైము ఎర్ర రక్తకణాల మీద లంగర్లను కోయలేదు. తరవాత మానోజ్‌లు ఒకటి, రెండు, మూడు. మధ్యమధ్యలో ఇథనాలమైన్ ఫాస్ఫేట్లు. మొత్తం పనికి ఇరవైకి పైగా జన్యువులు కావాలి. ఆ జాబితా అంతా చదివి మిమ్మల్ని నిద్రపుచ్చను.

ఇక ప్రొటీను వైపు చూద్దాం. లంగరు కోరుకునే ప్రొటీనుకు చివర ఒక తోక ఉంటుంది. నీటికి దూరంగా ఉండే అమైనో ఆమ్లాల వరుస అది. దానికి కొంచెం ముందు గ్లైసీన్, సెరీన్, అలనీన్ వంటి చిన్న అమైనో ఆమ్లం ఉన్న చోటు ఒకటుంటుంది. కోత అక్కడే. కోసేది జీపీఐ ట్రాన్సామిడేజ్ అనే ఐదు ప్రొటీన్ల యంత్రం. ఇది ఎలా పనిచేస్తుందో కాస్త నెమ్మదిగా చూడండి, నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. ఎంజైము తోకను కోస్తుంది కానీ మిగిలిన ప్రొటీనును వెంటనే వదలదు. కోసిన చివరను తన గంధకపు పరమాణువుకు క్షణకాలం తగిలించుకుని పట్టుకుంటుంది. అప్పుడు సిద్ధంగా ఉన్న జీపీఐ లంగరు తన ఇథనాలమైన్ చేతిని చాచి ఆ చివరను అందుకుంటుంది. ఎంజైము వదిలేస్తుంది. తెగడం, అతకడం ఒకే ఊపులో జరిగిపోతాయి. తోక తెగిన ప్రొటీనుకు ఇక పొరలో దిగిన కాలు ఆ లంగరే.

ఆ క్షణంలో లంగరు అందుబాటులో లేకపోతే? ప్రొటీను ఎంజైము చేతిలోనే ఉండిపోతుందా? నీరు ఉంది కదా! నీటి అణువు వచ్చి లంగరు స్థానంలో దూరితే ప్రొటీను తోక తెగి, కాలు లేక, స్వేచ్ఛగా కొట్టుకుపోతుంది. ఈ మాటా గుర్తుంచుకోండి.

అతుక్కున్న ప్రొటీను గాల్జీకి, అంటే ప్రొటీన్లను సర్ది పంపే పొరల అరకు, వెళ్తుంది. అక్కడ కొవ్వు గొలుసును మారుస్తారు. వంకరగా ఉండే అసంతృప్త గొలుసును తీసేసి, నిటారుగా ఉండే స్టియరేటును పెడతారు. అంత కష్టపడి కట్టిన దాన్ని మళ్లీ విప్పి మార్చడం దండగ అనిపిస్తుంది. నిటారు గొలుసులు కొలెస్టరాల్‌తో దగ్గరగా సర్దుకుంటాయి. పైపొర మీద ఈ ప్రొటీన్లు ఎలా గుమికూడతాయన్నది దాని మీద ఆధారపడి ఉంటుంది. ఈ విషయంలో ముఖ్యమైన పని బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్‌లో జరిగింది. సత్యజిత్ మేయర్, రజత్ వర్మ 1998లో, ఫోలేటును పట్టుకునే ఒక జీపీఐ ప్రొటీను పొర మీద మామూలు సూక్ష్మదర్శినికి అందనంత చిన్న గుంపులుగా ఉంటుందని చూపించారు. ఆ తరవాత వాళ్ల ప్రయోగశాల ఇంకో ముడి విప్పింది. బయటి వరుసలోనే ఆగిపోయే ఈ లంగర్లను లోపలి వైపున కణానికి అస్థిపంజరంలా ఉండే యాక్టిన్ తీగలు గుంపులు కట్టిస్తున్నాయి. పొడుగాటి నిటారు గొలుసులు లోపలి వరుసలోని ఫాస్ఫాటిడైల్ సెరీన్ అనే కొవ్వు గొలుసులతో మధ్యలో కలవడమే ఆ వంతెన. గొలుసు పొడవు తగ్గిస్తే గుంపులు చెదిరిపోతాయి. గాల్జీలో ఆ మార్పు ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా. మేయర్ తన పరిశోధన తొలినాళ్లలో న్యూయార్క్‌లో జార్జి క్రాస్ ప్రయోగశాలలో, ఇందాకటి అనంత్ మీనన్‌తో కలిసి, ట్రిపనోసోమా లంగరు మీదే పనిచేశారు. అదే దారిలో ఆయన క్షీరదాల కణాల దాకా వచ్చారు.

సరే, ఇప్పుడు ఆగిపోవడం సంగతి.

జర్మనీలో పాల్ స్ట్రూబింగ్ అనే వైద్యుడు 1882లో ఒక యువకుడిని చూశాడు. బండ్లు చేసే పనివాడు. రాత్రి నిద్ర తరవాత పొద్దున్నే మూత్రం ముదురు ఎరుపులో వస్తోంది, పగలు గడిచేకొద్దీ తేటపడుతోంది. నిద్రలో రక్తంలో ఆమ్లగుణం పెరిగి కణాలు పగులుతున్నాయేమోనని స్ట్రూబింగ్ ఊహించాడు. మూత్రపిండాల్లో తప్పు లేదని, రక్తనాళాల్లోనే ఎర్రకణాలు పగులుతున్నాయని పట్టుకున్నాడు. అరవై ఏళ్లు గడవకముందే, 1930ల్లో, థామస్ హామ్ ఆ రోగుల ఎర్రకణాలను కాస్త ఆమ్లం కలిపిన సీరంలో పెడితే పగులుతాయని, మామూలు మనిషి కణాలు పగలవని చూపించాడు. ఆ పరీక్షకు ఆయన పేరే నిలిచింది. ఆ జబ్బు పేరు పారాక్సిస్మల్ నాక్టర్నల్ హీమోగ్లోబినూరియా, వాడుకలో పీఎన్‌హెచ్. నిజానికి కణాలు పగలూ రాత్రీ పగులుతూనే ఉంటాయి. రాత్రంతా నిలవ ఉండి చిక్కబడిన మూత్రంలో ఆ రంగు కొట్టొచ్చినట్టు కనపడుతుంది, అంతే.

పగలగొట్టేది మన సొంత కాంప్లిమెంట్ వ్యవస్థ. సూక్ష్మజీవుల పొరలకు చిల్లులు పొడవడానికి రక్తంలో తిరిగే ప్రొటీన్ల దళం అది. దానికి తనా పరా భేదం పెద్దగా తెలియదు. మన కణాలే తమ పైపొర మీద కాపలా పెట్టుకోవాలి. ఆ కాపలాదారుల్లో ఇద్దరు ముఖ్యులు, సీడీ55, సీడీ59. ఇద్దరూ నిలబడేది జీపీఐ లంగరు మీదే. పీఎన్‌హెచ్ రోగి ఎర్రకణాల మీద ఆ ఇద్దరూ లేరు. ఒసాకాలో తరో కినోషిటా బృందం 1993లో కారణం చెప్పింది. అదే, పిగ్-ఏ. మొట్టమొదటి మెట్టు.

ఇరవైకి పైగా జన్యువుల్లో ఏది చెడినా లంగరు చెడాలి. మరి పీఎన్‌హెచ్ రోగుల్లో దాదాపు అందరిలో పిగ్-ఏనే ఎందుకు చెడి ఉంటుంది? దానికి జవాబు క్రోమోజోముల్లో ఉంది. మిగతా జన్యువులు చాలావరకు మామూలు క్రోమోజోముల మీద జంటలుగా ఉంటాయి. ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది. పిగ్-ఏ ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. మగవాళ్లకు ఎక్స్ ఒక్కటే. ఆడవాళ్లకు రెండున్నా ప్రతి కణంలోనూ ఒకటి మూగబోయి ఉంటుంది. కనుక ఎవరికైనా ఒక్క దెబ్బ చాలు. ఎముక మూలుగలోని ఒక మూలకణంలో ఆ ఒక్క దెబ్బ పడితే, దాని సంతానమంతా లంగరు లేని కణాలే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలో కూడా వెతికితే అలాంటి కణాలు పది లక్షలకు పదుల సంఖ్యలో కనిపిస్తాయి. వాటితో ఏ హానీ లేదు. రోగనిరోధక వ్యవస్థ మూలుగ మీదే దాడిచేసినప్పుడు, మామూలు మూలకణాలు చనిపోతుంటే ఈ లంగరు లేనివి తప్పించుకుని ఆ ఖాళీని ఆక్రమిస్తాయి. మూలుగ రక్తకణాలను సరిగా తయారు చేయని ఎప్లాస్టిక్ అనీమియా ఉన్నవాళ్లలో పీఎన్‌హెచ్ తరచు కనపడేది అందుకే.

లంగరు లేకపోతే నూట యాభై రకాల ప్రొటీన్లు పోవాలి కదా, ఎర్రకణం పగలడానికి ఎవరు కారణం? ప్రకృతే ఆ పరీక్ష పెట్టింది. పుట్టుకతోనే సీడీ55 మాత్రమే లేనివాళ్లున్నారు. రక్తమార్పిడి శాస్త్రంలో దాన్ని ఇనాబ్ రకం అంటారు. వాళ్ల ఎర్రకణాలు పగలవు. సీడీ59 మాత్రమే లేని రోగి జపాన్‌లో కనిపించాడు. అతనికి పీఎన్‌హెచ్ లాంటి జబ్బే వచ్చింది. అయితే సీడీ55ను తక్కువ చేయకండి. 2007లో వచ్చిన ఎక్యులిజుమాబ్ అనే మందు కాంప్లిమెంట్ చివరి అంచెను ఆపుతుంది. చిల్లులు ఆగాయి, రోగులు బతికారు. కానీ కొందరిలో రక్తహీనత పూర్తిగా పోలేదు. చివరి అంచె ఆగినా, సీడీ55 కాపలా కాయాల్సిన ముందు అంచె నడుస్తూనే ఉంది. ఎర్రకణాల మీద సీ3 అనే కాంప్లిమెంట్ ప్రొటీను ముక్కలు పేరుకుని, కాలేయం, ప్లీహం ఆ కణాలను మింగేస్తున్నాయి. అందుకే సీ3 దగ్గరే ఆపే మందు 2021లో, ఇంకాస్త ముందే ఆపే మాత్ర 2023లో వచ్చాయి. ఎక్యులిజుమాబ్ ప్రపంచంలో అత్యంత ఖరీదైన మందుల్లో ఒకటిగా పేరుపడింది. మూలుగ మార్పిడితో జబ్బు పూర్తిగా నయం కావచ్చు, దాని ప్రమాదాలు దానికున్నాయి. మన దగ్గర ఒక కుటుంబానికి ఈ రెండు మాటలూ చెప్పవలసి వచ్చే డాక్టరు పరిస్థితి మీరు ఊహించుకోగలరు.

మొదటి మెట్టు దగ్గర ఆగితే ఇదీ కథ. మధ్య మెట్టు దగ్గర ఆగితే కథ వేరు.

రెండో మానోజ్‌ను అతికించే జన్యువు పిగ్-వి. పుట్టుకతోనే దాని రెండు ప్రతులూ బలహీనపడిన పిల్లలుంటారు. మాబ్రీ సిండ్రోమ్ అంటారు. బుద్ధి వికాసం మందగిస్తుంది, మూర్ఛలు వస్తాయి, వేళ్ల కొసలు పొట్టిగా ఉంటాయి, రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ విపరీతంగా పెరుగుతుంది. జర్మనీ పరిశోధకులు 2010లో దీనికి పిగ్-వి కారణమని తేల్చారు. పిగ్-ఏ పూర్తిగా పోయిన కణంలో ఆ ఎంజైము అలా పొంగిపొర్లదు, పిగ్-వి చెడితే పొంగిపొర్లుతుంది. ఎందుకు? ట్రాన్సామిడేజ్ దగ్గరికి మళ్లీ వెళ్దాం. లంగరు ముక్క ఏదీ లేనప్పుడు అది కోతకు దిగదు. తోకతో ఉన్న ప్రొటీనును కణం లోపలే ముక్కలు చేసి పారేస్తుంది. పిగ్-వి చెడినప్పుడు ఒక మానోజ్ ఉన్న పొట్టి లంగరు తయారై ఉంటుంది. దాన్ని చూసి ఎంజైము తోకను కోసేస్తుంది. తీరా చూస్తే ఆ లంగరుకు అందుకునే చేయి లేదు. నీరు దూరుతుంది. కాలు లేని ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రక్తంలోకి కొట్టుకుపోతుంది.

ఇందులోని విచిత్రం చూడండి. పిల్లవాడి రక్తంలో ఆ ఎంజైము అతిగా ఉంది. అతని మెదడు కణాల పైపొర మీద అదే ఎంజైము చాలినంత లేదు. అక్కడ దాని పని విటమిన్ బీ6 మీదున్న ఫాస్ఫేటును తీసేయడం. ఫాస్ఫేటు ఉన్న బీ6 కణంలోకి దూరలేదు, తీసేస్తేనే దూరుతుంది. లోపల బీ6 తక్కువైతే గాబా అనే రసాయనం తయారీ తగ్గుతుంది. మెదడు ఉద్రేకాన్ని అణిచిపెట్టేది గాబా. అది తగ్గితే మూర్ఛలు. అందుకే ఈ పిల్లల్లో కొందరికి ఫాస్ఫేటు లేని బీ6, అంటే పిరిడాక్సిన్, ఇస్తే మూర్ఛలు తగ్గుతాయి. రిపోర్టులో ఒక అంకె ఎక్కువ చూపించడం వేరు, ఆ వస్తువు ఉండాల్సిన చోట ఉండడం వేరు.

మొదటి మానోజ్ మెట్టు గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఆ మెట్టును నడిపే జన్యువు పిగ్-ఎమ్. దాని లోపంతో పుట్టిన కొందరిలో ఆ జన్యువు సొంత పాఠంలో తప్పేమీ లేదు. దాన్ని నడిపించే ముందు భాగంలో ఒక్క అక్షరం మారింది. జన్యువు చప్పబడిపోయింది. కాలేయ సిరల్లో గడ్డలు, మూర్ఛలు. బ్యూటిరేటు అనే చిన్న కొవ్వు ఆమ్లం జన్యువుల మీది బిగింపును సడలిస్తుంది. లండన్‌లోని బృందం 2007లో ఒక రోగికి దాన్ని ఇచ్చింది. పిగ్-ఎమ్ మేలుకుంది, అదుపు లేని మూర్ఛలు దాదాపు ఆగిపోయాయి.

శత్రువుకూ ఈ లంగరు అవసరమే. మనకు మూడో కాలు పెట్టే ఎంజైముకు శిలీంధ్రాల్లో ఉండే జోడీ పేరు జీడబ్ల్యూటీ1. దాన్ని ఆపితే మనుషులకు జబ్బు తెచ్చే క్యాండిడా అనే శిలీంధ్రంలో కణగోడ ప్రొటీన్లు గోడకు చేరవు. జపాన్‌లో కనిపెట్టిన ఆ దారి నుంచి వచ్చిన ఫాస్మనోజెపిక్స్ అనే మందు మనుషుల మీద పరీక్షల దాకా వచ్చింది. మన ఎంజైమును ముట్టకుండా శిలీంధ్రపు ఎంజైమునే పట్టుకోవడం దాని బలం. ఢిల్లీ జేఎన్‌యూలో స్నేహసుధా కోమత్ గారి ప్రయోగశాల క్యాండిడాలో మొదటి మెట్టునే చాలాకాలంగా తరచి చూస్తోంది. ఇక ప్రశ్నలు అడగండి.

(సభలోంచి ఒక ప్రశ్న: పొరకు అడ్డంగా దూసుకుపోయే ప్రొటీను చేసుకుంటే సరిపోయేది కదా సార్, ఇంత తతంగం దేనికి?)

మంచి ప్రశ్న. లాభాల్లో ఒకటి, కోసి వదిలేయగలగడం. కణం తనకు కావలసినప్పుడు లంగరును కోసి ప్రొటీనును బయటికి పంపగలదు. మన శరీరంలో అలాంటి కోత ఎంజైములు ఉన్నాయి. రెండోది, పొర లోపలి వరుసలో చోటు ఆక్రమించకపోవడం. ట్రిపనోసోమా లాగా కోటి ప్రతులు పేర్చాలంటే ఆ పొదుపు అక్కరకు వస్తుంది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఇరవైకి పైగా జన్యువుల ఖర్చు పెట్టి కొన్న లాభాలు ఇవి.

(ఇంకో ప్రశ్న, వెనక వరుసలోని ఒక అమ్మ నుంచి: మా అన్నయ్యకు ఈ పీఎన్‌హెచ్ అని చెప్పారండీ. మా పిల్లలకు వస్తుందా?)

రాదమ్మా. మీ అన్నయ్యగారి పిగ్-ఏ చెడింది పుట్టిన తరవాత, ఆయన మూలుగలోని ఒక కణంలో మాత్రమే. ఆయన వీర్యకణాల్లో ఆ మార్పు లేదు. ఆయన పిల్లలకూ రాదు, మీ పిల్లలకూ రాదు. ఎవరైనా వంశపారంపర్యం అంటే నమ్మకండి. అయితే విద్యార్థుల కోసం ఒక మాట కలుపుతాను, మీకు సంబంధించినది కాదు. అదే పిగ్-ఏలో కొద్దిపాటి లోపం వంశంలో నడిచే కుటుంబాలు వేరే ఉన్నాయి. అక్కడ తల్లికి ఏమీ ఉండదు, కొడుకులకు పసితనంలోనే మూర్ఛలు వస్తాయి, మూత్రం రంగు మారదు. పిగ్-ఏ పూర్తిగా లేకుండా బిడ్డ పుట్టడం సాధ్యం కాదు. కొద్దిగా పనిచేసే పిగ్-ఏ ఉన్న బిడ్డ ఎర్రకణాలను కాపాడుకోగలడు, మెదడును కాపాడుకోలేడు. అన్నయ్యగారి రిపోర్టులు తెచ్చి ఉంటే సభ అయ్యాక చూపించండి, కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించి లెక్కపెట్టే ఫ్లో సైటోమెట్రీ కాగితంలో లంగరు లేని కణాలు ఎంత శాతమో ఉంటుంది, దాన్ని ఎలా చదవాలో చెబుతాను.